నెలలు అడ్డదిడ్డం, వర్షం లెక్క అధ్వానం: ఆర్‌లో నా గ్రాఫు ఎక్కడ చెడింది?

కొత్తచెయ్యి
15 వర్షమాపక కేంద్రాలు, మూడేళ్లు, నెలకో రీడింగు. మొత్తం 540 వరుసలున్న సీఎస్‌వీ ఫైలు. ఆర్ (గణాంకాల ప్రోగ్రామింగ్ భాష)లో నెలవారీ సగటు తీసి, గ్రాఫులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీతో ఒక్క గీత గీయాలి, అంతే. దానికే తల ప్రాణం తోకకి వస్తోంది.

కింద యాక్సిస్ మీద ఏప్రిల్ తర్వాత ఆగస్టు, ఆ తర్వాత డిసెంబర్, ఫిబ్రవరి వస్తున్నాయి. జియోమ్_లైన్ పెడితే గీత రాదు, "ఒక్కో గ్రూపులో ఒక్క పరిశీలనే ఉంది" అని సణుగుతుంది. అన్నిటికంటే ఘోరం, కుండపోత కురిసిన నెలల సగటు ఎండు నెలల కంటే తక్కువ చూపిస్తోంది. ఫైల్లో కళ్లారా 1,012.4 కనిపిస్తుంటే గరిష్ఠం 212 అంటోంది. ఆర్‌లో బగ్ ఏమైనా ఉందా?

సగటు_మనిషి
బగ్ లేదు. ఏ కాలమ్ ఏ రకమో చెప్పే ఎస్‌టీఆర్(డేటా) కొట్టి వచ్చింది ఇక్కడ పెట్టండి. గ్రాఫు స్క్రీన్‌షాట్ వద్దు.

గీతల_గోపి
నెలల సంగతి ఇప్పుడే చెప్పేయొచ్చు. ఆ కాలమ్‌లో ఉన్నది ఉత్త టెక్స్ట్. జనవరి ముందా ఫిబ్రవరి ముందా అన్నది జీజీప్లాట్‌కి తెలీదు, ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చేస్తుంది. వరుస మీరే చెప్పాలి, అంటే ఆ కాలమ్‌ని ఫ్యాక్టర్ (లెవెల్స్ అనే ఖాయమైన వర్గాలున్న రకం) చేయాలి:

డేటా$నెల <- ఫ్యాక్టర్(డేటా$నెల, లెవెల్స్ = మంత్.యాబ్)

మంత్.యాబ్ అంటే నెలల మూడక్షరాల పొట్టి పేర్లు. ఆర్‌లో ముందే ఉంటుంది, మీరు టైపు చేయక్కర్లేదు. గీత రావాలంటే, ఏ కాలమ్ ఎక్కడ గీయాలో చెప్పే ఏఈఎస్ లోపల గ్రూప్ = 1 అని పెట్టండి.

పైపుల_పంతులు
గోపి చెప్పింది కరెక్టే, కానీ ఒక గోతి ఉంది. లెవెల్స్‌లో లేని పేరు ఏదైనా ఫైల్లో ఉంటే, ఫ్యాక్టర్ దాన్ని చడీచప్పుడు లేకుండా ఎన్ఏ (విలువ లేదు అనే గుర్తు) చేసేస్తుంది. వార్నింగ్ కూడా రాదు. సెప్టెంబర్‌ని కొందరు మూడక్షరాలతో, కొందరు నాలుగక్షరాలతో రాస్తారు. మంత్.యాబ్‌లో ఉన్నది మూడక్షరాలదే. నాలుగక్షరాల సెప్టెంబర్లన్నీ గల్లంతు. మార్చాక టేబుల్(డేటా$నెల, యూజ్‌ఎన్ఏ = "ఎల్వేస్") ఒకసారి చూడండి.

కొత్తచెయ్యి
@పైపుల_పంతులు చూశాను, 9 ఎన్ఏలు వచ్చాయి. అన్నీ సెప్టెంబరే!! మీరు జ్యోతిషం కూడా చెప్తారా?

@సగటు_మనిషి ఇదిగో:
కేంద్రం: ఫ్యాక్టర్, 15 లెవెల్స్
సంవత్సరం: ఇంటిజర్
నెల: ఫ్యాక్టర్, 12 లెవెల్స్
రీడింగు: ఫ్యాక్టర్, 212 లెవెల్స్ "-", "0", "0.2", "0.8", "1,012.4", ...

టెక్స్ట్ కాలమ్స్ అన్నిటినీ మొదటే ఫ్యాక్టర్లు చేసేయమని ఒక ట్యుటోరియల్‌లో చూసి అలాగే చేశాను. తర్వాత సగటు రావట్లేదని రీడింగుని యాజ్.న్యూమరిక్‌తో అంకెలుగా మార్చాను.

సగటు_మనిషి
212 లెవెల్స్, గరిష్ఠం 212. దొంగ దొరికాడు.

అవుట్‌లయర్_అక్క
ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, తప్పు జవాబు మాత్రం దర్జాగా వస్తుంది.

ఫ్యాక్టర్ లోపల ఆర్ దాచుకునేది మీ విలువల్ని కాదు, వాటి వరుస నంబర్లని. మీ లిస్టులోనే చూడండి: "-" ది 1, "0" ది 2, "0.2" ది 3, "0.8" ది 4, "1,012.4" ది 5. ఫ్యాక్టర్ మీద నేరుగా యాజ్.న్యూమరిక్ వేస్తే చేతికొచ్చేది ఆ వరుస నంబరే. అంటే మీ ఫైల్లో అతి పెద్ద వాన 5 అయింది. అక్షర వరుసలో చిట్టచివర నిలబడ్డ ఏదో రాతకి 212 దక్కింది. రీడింగు లేని గడులు కూడా 1 అయిపోయి సగటులో కలిసిపోయాయి. కుండపోత నెలలు ఎండిపోయి కనిపించాయంటే ఆశ్చర్యమేముంది.

ముందు యాజ్.క్యారెక్టర్‌తో టెక్స్ట్ చేయాలి, దాని మీద యాజ్.న్యూమరిక్. ఈ వరుస తప్పకూడదు. ఇంతకంటే మంచిది, రీడింగు కాలమ్‌ని అసలు ఫ్యాక్టర్ చేయకపోవడం. నెల, కేంద్రం లాంటి వర్గాలకే ఫ్యాక్టర్.

లూపు_లక్ష్మణ్
2020కి ముందు ఆర్ నేర్చుకున్నవాళ్లని ఇట్టే గుర్తుపట్టొచ్చు. నిద్రలో లేపినా స్ట్రింగ్స్‌యాజ్‌ఫ్యాక్టర్స్ = ఫాల్స్ అని టైపు చేస్తారు. 4.0.0 వెర్షన్ వచ్చేదాకా రీడ్.సీఎస్‌వీ తనంతట తనే టెక్స్ట్‌ని ఫ్యాక్టర్ చేసేది. ఇప్పుడు ఆ బాధ పోయిందనుకుంటే ట్యుటోరియల్స్ మళ్లీ తెచ్చిపెడుతున్నాయి.

పైథాన్_పక్షపాతి
పైథాన్ వాళ్ల పాండాస్‌లో అయితే రీడ్_సీఎస్‌వీ లోనే థౌజండ్స్ = ',' అంటే కామాల గోల తీరిపోతుంది. ఊరికే చెప్తున్నా.

లూపు_లక్ష్మణ్
@పైథాన్_పక్షపాతి ఆ "-" అలాగే ఉంటే పాండాస్‌లో కూడా అది టెక్స్ట్ కాలమే. ఊరికే చెప్తున్నా.

కొత్తచెయ్యి
@అవుట్‌లయర్_అక్క మీరన్నట్టే మార్చాను. ఇప్పుడు "మార్పిడిలో ఎన్ఏలు వచ్చాయి" అని వార్నింగ్. 1,012.4 కూడా ఎన్ఏ అయిపోయింది. కామా వల్లేనా?

గీతల_గోపి
అవును. రీడ్ఆర్ ప్యాకేజీలో పార్స్_నంబర్ వాడండి, కామాలు అదే చూసుకుంటుంది.

పైపుల_పంతులు
గోపీ, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. పార్స్_నంబర్‌కి మర్యాద మరీ ఎక్కువ. "<0.2" అని ఉంటే 0.2 అంటుంది. "45?" అని ఉంటే 45 అంటుంది. రీడింగు రాసినవాడికి అనుమానం వచ్చి ప్రశ్నార్థకం పెట్టాడు, ఈ ఫంక్షన్ దాన్ని తుడిచేసి మనకి నిశ్చయంగా చెప్తోంది. అది నిశ్శబ్దంగా మింగేది నాకు వద్దు. కామా ఒక్కటే తీసేసి యాజ్.న్యూమరిక్ వేయండి. మిగతా చెత్త ఏదున్నా ఎన్ఏ అయి బయటపడుతుంది:

అంకె <- యాజ్.న్యూమరిక్(జీసబ్(",", "", టెక్స్ట్))
యునీక్(టెక్స్ట్[ఈజ్.ఎన్ఏ(అంకె)])

అసలు విషయం రెండో లైనులో ఉంది. ఏ ఏ రాతలు అంకెలు కాలేకపోయాయో మొత్తం చిట్టా ఇస్తుంది.

గీతల_గోపి
కరెన్సీ గుర్తులు, శాతం గుర్తులు ఉన్న ఫైళ్లకి పార్స్_నంబర్‌ని మించింది లేదు పంతులుగారూ. కానీ కొలతల ఫైలుకి మీ పద్ధతే సేఫ్, ఒప్పుకుంటా.

శూన్యసాక్షి
పక్క విషయం. కొన్ని దేశాల ఫైళ్లలో కామా, చుక్క తారుమారుగా ఉంటాయి: 1.012,4 అంటే వెయ్యి పన్నెండు పాయింట్ నాలుగు. అలాంటి ఫైలుకి కామాలు తీసేస్తే 1.0124 అయి కూర్చుంటుంది. రీడ్ఆర్ లొకేల్‌లో డెసిమల్_మార్క్ చెప్పండి. కొత్తచెయ్యి ఫైలుకి ఇది అక్కర్లేదు.

కొత్తచెయ్యి
చిట్టా వచ్చింది: "-", "T", "45?"

పంతులుగారూ, మీరు నా ఫైలు ఎక్కడైనా చూశారా నిజం చెప్పండి.

"-" ఉన్నవన్నీ సున్నా చేసేయనా? వాన లేదనే కదా అర్థం?

అవుట్‌లయర్_అక్క
ఆగండి ఆగండి. "0" అని కూడా వేరే ఉందిగా! వాన పడకపోతే 0 రాసినవాళ్లు, "-" ఎందుకు రాస్తారు? మాపకం ఆ నెల చూడలేదేమో, పాడైందేమో. తెలియనిదాన్ని సున్నా చేస్తే సగటు కిందికి పడిపోతుంది. సున్నాని ఎన్ఏ చేస్తే సగటు పైకి పోతుంది. రెండూ అబద్ధమే. ఫైలు ఇచ్చినవాళ్లనే అడగండి, ఇది కోడ్‌తో తేలే విషయం కాదు.

"T" మాత్రం చాలా చోట్ల "వాన పడింది కానీ కొలవలేనంత తక్కువ" అని చెప్పడానికి రాస్తారు. అది కూడా అడిగి రూఢి చేసుకోండి.

నడిరాత్రి_కోడర్
ఎక్సెల్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొడితే నిమిషం పని. దీనికి ఇంత పురాణమా?

పైపుల_పంతులు
ఆ నిమిషంలో ఏ గడి మార్చావో ఆర్నెల్ల తర్వాత నీకే తెలీదు. స్క్రిప్టులో ఉంటే ఎవరైనా చదువుకోవచ్చు, కొత్త ఫైలు వచ్చినప్పుడు మళ్లీ నడుపుకోవచ్చు.

శూన్యసాక్షి
పైగా ఎక్సెల్ మీరు అడగని సేవ కూడా చేస్తుంది. సెప్ట్2, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లని తేదీలుగా మార్చేస్తుంటే విసిగిపోయి, 2020లో జన్యువుల నామకరణ కమిటీయే ఆ పేర్లు మార్చుకుంది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, శాస్త్రమే సర్దుకుంది.

నడిరాత్రి_కోడర్
😂 సరే నేను ఏమీ అనలేదు.

కొత్తచెయ్యి
అడిగాను. "-" అంటే ఆ నెల రీడింగు తీయలేదట. అయితే ఒక్క కేంద్రంలో మాత్రం ఆ మనిషి వాన లేకపోయినా "-" పెట్టేవాడట! "T" అక్క చెప్పిందే. "45?" ఎవరికీ తెలీదు.

అవుట్‌లయర్_అక్క
అడిగినందుకు ఎంత లాభమో చూశారా. ఇప్పుడు ఫైలు చదివేటప్పుడే ఎన్ఏ = "-" అని పెట్టకండి. పెడితే ఆ ఒక్క కేంద్రం సున్నాలు కూడా ఎన్ఏలో కలిసిపోతాయి, తర్వాత వేరు చేయలేరు. మొత్తం టెక్స్ట్‌గానే చదివి, షరతుని బట్టి విలువ ఇచ్చే కేస్_వెన్‌లో మొదట ఆ కేంద్రం షరతు, ఆ తర్వాత మిగతా "-" షరతు రాయండి. కేస్_వెన్ పైనుంచి కిందికి చూస్తుంది, మొదట కుదిరిందే తీసుకుంటుంది, కాబట్టి ప్రత్యేకమైనది పైన ఉండాలి. "T"ని 0 చేయండి, కానీ పక్కన ఒక గుర్తు కాలమ్ పెట్టుకోండి. "45?"ని 45గానే ఉంచి దానికీ గుర్తు పెట్టండి. అసలు టెక్స్ట్ కాలమ్‌ని చెరపొద్దు.

సగటు తీసేటప్పుడు ఎన్ఏ.ఆర్ఎమ్ = ట్రూ (ఎన్ఏలని వదిలేయమని) మర్చిపోకండి. అలాగే ఆ నెలలో ఎన్ని రీడింగులు దొరికాయో కూడా పక్కన లెక్క వేయండి. రెండే రీడింగుల సగటూ నలభై ఐదు రీడింగుల సగటూ గ్రాఫు మీద ఒకే చుక్కలా కనిపిస్తాయి.

సగటు_మనిషి
+1. నా పేరు మీద జరిగే మోసాల్లో సగం ఇవే.

గీతల_గోపి
మూడేళ్లూ వరుసగా చూపించాలంటే నెల ఫ్యాక్టర్ చాలదు, తేదీ కావాలి. ఆర్‌లో తేదీకి రోజు తప్పనిసరి. సంవత్సరం, నెల మాత్రమే ఇస్తే యాజ్.డేట్ ఒప్పుకోదు. ఒకటో తారీఖు అతికించండి. నెల పేరుని తేదీ ఫార్మాట్‌తో చదివించకండి, అది కంప్యూటర్ భాష సెట్టింగుని బట్టి ఉంటుంది. మీ దగ్గర పనిచేసిన స్క్రిప్టు ఇంకొకరి దగ్గర మొత్తం ఎన్ఏలు ఇస్తుంది. మ్యాచ్(నెల, మంత్.యాబ్) అంటే 1 నుంచి 12 వస్తుంది, దాంతో లూబ్రిడేట్ ప్యాకేజీలో మేక్_డేట్(సంవత్సరం, ఆ నంబరు) చాలు. రోజు ఇవ్వకపోతే ఒకటో తారీఖే వేసుకుంటుంది.

కొత్తచెయ్యి
వచ్చింది! కేంద్రానికో గీత, మూడేళ్లు, సరైన వరుస.

ఇప్పుడు కొత్త బాధ. ఆ 1,012.4 వల్ల మిగతా గీతలన్నీ నేలకి కరుచుకుపోయాయి. వైలిమ్(0, 400) పెట్టి బాక్స్‌ప్లాట్ వేస్తే మధ్య గీతలు కూడా కిందికి జరిగాయి. జూమ్ చేస్తే మీడియన్ మారుతుందా??

లూపు_లక్ష్మణ్
జూమ్ చేస్తే మారదు. మీరు చేసింది జూమ్ కాదు. వైలిమ్ అయినా, స్కేల్‌లో లిమిట్స్ అయినా, హద్దు దాటిన విలువల్ని ఎన్ఏ చేసేసి, మిగిలినవాటితోనే బాక్సు కడుతుంది. "ఇన్ని వరుసలు తీసేశాం" అని కన్సోల్‌లో వార్నింగ్ వచ్చే ఉంటుంది. కోఆర్డ్_కార్టీజియన్(వైలిమ్ = సీ(0, 400)) వాడండి. అన్ని విలువలతో లెక్క కట్టాక, చూపించేటప్పుడు మాత్రం కత్తిరిస్తుంది.

నడిరాత్రి_కోడర్
లాగ్ స్కేల్ పెట్టేయొచ్చుగా

శూన్యసాక్షి
సున్నా వాన నెలలు ఉన్నాయి. సున్నా లాగ్ అంటే మైనస్ అనంతం. వర్షానికి వర్గమూలం స్కేలు నయం, సున్నాని సున్నాగానే ఉంచుతుంది.

అవుట్‌లయర్_అక్క
నేనైతే రెండూ వద్దంటా. అసలు 1,012.4 నిజమా కాదా ముందు తేల్చండి. 101.24 అయ్యుండే అవకాశం లేదా? పక్క కేంద్రంలో అదే నెల ఎంతుందో చూడండి. నిజమైతే దాన్ని దాచడానికి స్కేలు మార్చకూడదు, అదే మీ గ్రాఫులో అందరూ చూడాల్సిన చుక్క. ఫేసెట్_ర్యాప్‌తో కేంద్రానికో గడి ఇవ్వండి.

గీతల_గోపి
స్కేల్స్ = "ఫ్రీ_వై" పెడితే ప్రతి గడీ నిండుగా కనిపిస్తుంది.

అవుట్‌లయర్_అక్క
నిండుగానే కనిపిస్తుంది, 40 మిల్లీమీటర్ల కేంద్రం 1,012 కేంద్రంతో సమానంగా! యాక్సిస్ అంకెలు చదివేవాళ్లు ఎంతమంది గోపీ? కేంద్రాల మధ్య పోలిక ముఖ్యమైతే స్కేలు ఒకటే ఉండాలి. ఏ కేంద్రంలో ఏ నెల ఎక్కువ అన్నదే ప్రశ్న అయితే ఫ్రీ పెట్టుకోండి, కానీ ఆ మాట గ్రాఫు కింద రాయండి.

కొత్తచెయ్యి
పక్క రెండు కేంద్రాల్లో అదే నెల 870, 913 ఉన్నాయి. నిజమే. అలాగే ఉంచుతున్నాను.

మా పైఆఫీసరు "గ్రాఫులెందుకు, సగటు, స్టాండర్డ్ డీవియేషన్ టేబుల్ పంపు చాలు" అంటున్నారు 🙄

సగటు_మనిషి
ఆర్‌లో యాన్స్‌కోంబ్ అని టైపు చేసి చూపించండి. 1973 నాటి నాలుగు చిన్న డేటాసెట్లు. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ దగ్గర దగ్గర 0.816. గీసి చూస్తే ఒకటి మామూలు గుంపు, ఒకటి వంపు, ఒకటి తిన్నటి గీత మీద ఒక్క చుక్క ఎగిరి పడింది, ఇంకొకటి నిటారు స్తంభం, దూరంగా ఒక్క చుక్క. టేబుల్‌లో నాలుగూ కవలలే.

ఫాంటు_ఫణి
మధ్యలో దూరుతున్నా. నా గ్రాఫు శీర్షిక తెలుగులో పెడితే పీడీఎఫ్‌లో డబ్బాలు వస్తున్నాయి, ఒక్కోసారి వత్తులు విడిపోతున్నాయి.

లూపు_లక్ష్మణ్
మామూలు పీడీఎఫ్ డివైస్‌కి ఒత్తులు కూర్చడం రాదు. రాగ్ అనే ప్యాకేజీ వేసుకుని జీజీసేవ్‌లో డివైస్ = రాగ్::ఏజీజీ_పీఎన్‌జీ ఇవ్వండి, తెలుగు ఫాంటు పేరు థీమ్‌లో చెప్పండి. అక్షరాలు కుదురుగా వస్తాయి.

ఫాంటు_ఫణి
వచ్చాయి, థాంక్స్. కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. డీపీఐ 300 నుంచి 600 చేసినా అంతే.

లూపు_లక్ష్మణ్
డీపీఐ పెంచితే పిక్సెళ్లే పెరుగుతాయి. విడ్త్ ఎంత ఇచ్చారు, 20 అంగుళాలా? ఫాంటు సైజు పాయింట్లలో ఉంటుంది, కాగితం పెద్దదైతే దాని మీద అక్షరం చిన్నగా కనిపిస్తుంది. డాక్యుమెంటులో ఎంత వెడల్పున పెడతారో అంతే ఇవ్వండి, 6 లేదా 7.

కొత్తచెయ్యి
కేంద్రాల అక్షాంశ రేఖాంశాల ఫైలుని కేంద్రం పేరుతో జతపరిచి లెఫ్ట్_జాయిన్ చేశాను. 540 వరుసలు 576 అయ్యాయి. ఏమీ తీసేయలేదు, కొత్తవి ఎక్కడినుంచి పుట్టాయి?

పైపుల_పంతులు
576 - 540 = 36. ఒక కేంద్రానికి మూడేళ్ల నెలలు 36. ఆ ఫైల్లో ఏదో ఒక కేంద్రం రెండుసార్లు ఉంది. కౌంట్(కేంద్రం) వేసి 1 కంటే ఎక్కువ ఉన్నది చూడండి. ఇకమీదట జాయిన్‌లో రిలేషన్‌షిప్ = "మెనీ-టు-వన్" రాయండి. డూప్లికేట్ ఉంటే పని అక్కడే ఆగిపోతుంది. ఇది డీప్లైఆర్ ప్యాకేజీ 1.1.0 నుంచి ఉంది.

అలాగే యాంటీ_జాయిన్ కూడా వేసి జత దొరకని కేంద్రాలేవో చూడండి. పేరు చివర స్పేస్ ఉంటే జత కలవదు. వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన పేర్లలో ట్రిమ్‌డబ్ల్యూఎస్ మామూలుగా పట్టుకోని రకం స్పేస్ కూడా ఉంటుంది, స్ట్రింగ్ఆర్‌లో ఎస్‌టీఆర్_స్క్విష్ దాన్నీ తీసేస్తుంది.

కొత్తచెయ్యి
7వ కేంద్రం. మధ్యలో స్థలం మార్చారట, అందుకని రెండు వరుసలు. రెండూ కరెక్టే!

పైపుల_పంతులు
అయితే ఒకటి తీసేయడం తప్పు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ స్థలమో రెండు కాలమ్స్ చేర్చి, జాయిన్_బై(కేంద్రం, బిట్వీన్(తేదీ, మొదలు, ముగింపు)) అని కలపండి. 540కి 540 రావాలి.

కొత్తచెయ్యి
540 👍 చివరిది. అదే గ్రాఫులో ఉష్ణోగ్రత గీత కూడా పెట్టి, కుడివైపు ఇంకో యాక్సిస్ ఇవ్వాలి.

అవుట్‌లయర్_అక్క
వద్దు.

గీతల_గోపి
అక్కా, పాపం అడిగాడు. సెక్_యాక్సిస్ ఉందిగా.

అవుట్‌లయర్_అక్క
ఉంది, 2016లో 2.2.0 వెర్షన్‌తో వచ్చింది. అది కూడా మొదటి యాక్సిస్‌ని ఒక సూత్రంతో మారిస్తే వచ్చేదే తప్ప స్వతంత్రమైన యాక్సిస్ కాదు. ఆ సూత్రం మనిష్టం కాబట్టి రెండు గీతలు ఎక్కడ కలవాలంటే అక్కడ కలిపేయొచ్చు, చూసేవాళ్లు ఆ కలయికకి ఏదో అర్థం ఉందనుకుంటారు. ప్యాచ్‌వర్క్ ప్యాకేజీతో వాన కింద, ఉష్ణోగ్రత పైన, ఒకే తేదీ యాక్సిస్‌తో రెండు గ్రాఫులు పేర్చండి.

శూన్యసాక్షి
ఈ జంటకి మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చు అక్కా. వాల్టర్-లీత్ శీతోష్ణ పటంలో 10 డిగ్రీల సెల్సియస్‌కి ఎదురుగా 20 మిల్లీమీటర్లు అని నిష్పత్తి ముందే ఖాయం. వాన గీత ఉష్ణోగ్రత గీత కిందికి దిగిన నెలల్ని ఎండు నెలలుగా చదువుతారు. అక్కడ గీతలు కలిసే చోటుకి అర్థం ఉంది.

అవుట్‌లయర్_అక్క
సరే, నిష్పత్తి ఖాయమైతే ఒప్పుకుంటా. కానీ అందులో 100 మిల్లీమీటర్లు దాటాక స్కేలు పదోవంతుకి కుదిస్తారు, సెక్_యాక్సిస్‌తో చేత్తో చేయడం తలనొప్పి.

శూన్యసాక్షి
క్లైమటాల్ ప్యాకేజీలో డయాగ్‌డబ్ల్యూఎల్ అనే ఫంక్షన్ అది గీసి ఇస్తుంది. కేంద్రానికి ఒకటి చొప్పున వేసుకోవాలి, అందులో కనిపించేది మూడేళ్ల వరుస కాదు, పన్నెండు నెలల సగటులు.

కొత్తచెయ్యి
15 కేంద్రాలకీ ఫర్ లూప్ రాస్తున్నా. జీజీప్లాట్‌వి కూడా అదే లూప్‌లో పెడితే ఎర్రర్ లేదు, గ్రాఫూ లేదు?

లూపు_లక్ష్మణ్
నా పేరు చూసి కూడా ఇంతసేపు అడగలేదే! లూప్ లోపల జీజీప్లాట్ తనంతట తను కనిపించదు, ప్రింట్(గ్రాఫు) అని రాయాలి.